ఎవరిదీ కాని ఎడం

1880 డిసెంబరులో న్యూయార్క్ బ్రాడ్‌వే మీద బ్రష్ కంపెనీ ఆర్క్ దీపాలు వెలిగించింది. గ్యాస్ దీపాల మసక వెలుతురుకు అలవాటుపడ్డ జనం ఆ తెల్లటి వెలుగును నోరెళ్ళబెట్టి చూశారు. దాన్ని మోసుకొచ్చిన తీగను మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ నగరం నెత్తిన అప్పటికే బోలెడు తీగలున్నాయి. టెలిగ్రాఫ్ తీగలు ఒక తరం ముందు నుంచే ఉన్నాయి. అగ్నిప్రమాదాల అలారం తీగలు, షేర్ల ధరలు టకటకా కొట్టే టిక్కర్ యంత్రాల తీగలు, కొత్తగా వచ్చిన టెలిఫోన్ తీగలు. ఇన్నింటి మధ్య మరొకటి చేరింది, అంతేననుకున్నారు.

ఆ మరొకటి వేరే జాతిది. టెలిగ్రాఫ్ తీగలో పారేది బ్యాటరీల నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు. లైన్‌మన్ దాన్ని ఒట్టి చేత్తో పట్టుకుని లాగేవాడు, ముడివేసేవాడు, తెంపేవాడు. ఆర్క్ దీపాల సంగతి అలా కాదు. దీపాలన్నీ ఒకదాని వెనక ఒకటిగా ఒకే తీగ మీద ఉంటాయి. ఒక్కో దీపానికి 50 వోల్టుల దాకా కావాలి. అరవై దీపాలుంటే ఆ తీగలో 3,000 వోల్టులు పెట్టాల్సిందే. 1880ల చివరికి వచ్చేసరికి ఇళ్ళకూ దుకాణాలకూ ఆల్టర్నేటింగ్ కరెంటు కూడా వచ్చింది. దాని మెయిన్ తీగల్లో 1,000 వోల్టులు. ఇవన్నీ అవే వీధుల్లో, టెలిగ్రాఫ్ తీగలకు పైనా కిందా పక్కనా, చాలాచోట్ల చేయి చాపితే అందేంత దగ్గరలో నడిచాయి.

ప్రతి కంపెనీకీ తన స్తంభాలు తనకుండేవి. కొన్ని 90 అడుగుల ఎత్తువి. ఒక్కో స్తంభానికి పదుల కొద్దీ క్రాస్ ఆర్ములు, వాటి మీద వందల తీగలు. స్తంభాలు చాలనిచోట మేడల కప్పుల మీద చట్రాలు కట్టి లాగారు. ఒక కంపెనీ దివాలా తీస్తే దాని ఆఫీసు మూతపడేది, తీగలు మాత్రం అక్కడే వేలాడుతూ ఉండేవి. వాటిని దించడానికి డబ్బు ఎవరు పెడతారు? తీగల మీద ఉండే తొడుగు రంగులో నానబెట్టిన నూలు. ఎండకు పగిలి, వానకు నాని, కొన్నాళ్ళకే పేలికలుగా ఊడి వేలాడేది. తొడుగు ఊడిన తీగ మీద గాలికి మరో తీగ వచ్చి ఆనిందంటే, రెంటిలో పెద్ద తీగ కరెంటు చిన్న తీగలోకి పాకుతుంది. చిన్న తీగ ఎంత దూరం పోతే అంత దూరమూ పాకుతుంది.

ఈ కథలో నన్ను పట్టి కుదిపేది ఇదే. పై తీగకు యజమాని ఉన్నాడు. కింది తీగకూ ఉన్నాడు. ఆ రెంటికీ నడుమ ఉండాల్సిన ఎడానికి యజమాని లేడు. తన తీగ తెగితే ఏ కంపెనీ అయినా పరుగెత్తుకొస్తుంది, ఎందుకంటే ఆ పూట సంపాదన ఆగిపోతుంది. ఎడం తగ్గితే ఎవరి సంపాదనా ఆగదు. దీపాలు వెలుగుతూనే ఉంటాయి, తంతులు పోతూనే ఉంటాయి. ఒక మనిషి చేయి పెట్టేదాకా ఆ సంగతి బయటపడదు.

ప్రభుత్వానికి తెలియదని అనలేం. 1884లోనే న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. పెద్ద నగరాల్లో తీగలన్నీ 1885 నవంబరు 1 నాటికి నేల కిందికి పోవాలన్నది ఆజ్ఞ. ఆ తేదీ వచ్చింది, పోయింది. స్తంభాలు కదల్లేదు. ఒక కమిషన్ వేశారు, తరవాత దాని స్థానంలో ఒక బోర్డు వేశారు. నేల కింద గొట్టాలు ఎవరు వేయాలి, వేసినవారికి అద్దె ఎంత కట్టాలి, ఎక్కువ వోల్టుల తీగకు నేల చెమ్మను తట్టుకునే తొడుగు ఎక్కడ దొరుకుతుంది అన్న వాదాలతో ఏళ్ళు గడిచాయి. అదే నగరంలో థామస్ ఎడిసన్ 1882 సెప్టెంబరులోనే పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి తన తీగలన్నీ భూమిలో పాతి దీపాలు వెలిగించాడు. ఆయనది 110 వోల్టుల డైరెక్ట్ కరెంటు కనుక ఆ పని తేలికైంది, నిజమే. కానీ చేయదలచుకున్నవాడు చేశాడు.

1888 మార్చిలో ప్రకృతే ఒకసారి హెచ్చరించింది. 11న మొదలైన మంచు తుపాను నగరాన్ని మూడు రోజులు కప్పేసింది. స్తంభాలు విరిగాయి, వందల తీగలు ఒకదాన్నొకటి పెనవేసుకుని మంచులో పడ్డాయి. బోస్టన్‌తో మాట్లాడాలంటే సముద్రం అడుగు కేబుల్ మీద లండన్‌కు పంపి, అక్కడి నుంచి మళ్ళీ అమెరికాకు రప్పించుకోవలసి వచ్చింది. నగరంలో 200 మందికి పైగా చనిపోయారు. మంచు కరిగాక ఏం చేశారు? కొత్త స్తంభాలు తెచ్చి మళ్ళీ పైనే లాగారు. ఏప్రిల్‌లో ఈస్ట్ బ్రాడ్‌వే మీద వీధుల్లో సరుకు అమ్ముకునే ఒక కుర్రాడు తెగి వేలాడుతున్న టెలిగ్రాఫ్ తీగను ముట్టుకున్నాడు. అందులోకి ఎక్కడో ఆర్క్ దీపాల కరెంటు ఎక్కి ఉంది. పిల్లవాడు అక్కడికక్కడే పోయాడు. ఆ వసంతంలో తీగలు తీసిన ప్రాణాలు మరికొన్ని ఉన్నాయి.

జూన్‌లో హెరాల్డ్ బ్రౌన్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు ఈవెనింగ్ పోస్ట్ పత్రికకు ఉత్తరం రాశాడు. కుర్రాడి చావును ఎత్తి చూపి, నేరమంతా ఆల్టర్నేటింగ్ కరెంటుదన్నాడు. దాంతో మాట దారి తప్పింది. డైరెక్ట్ కరెంటు అమ్మే ఎడిసన్ వైపు కొందరు, ఆల్టర్నేటింగ్ కరెంటు అమ్మే జార్జ్ వెస్టింగ్‌హౌస్ వైపు కొందరు. ఏ కరెంటు తొందరగా చంపుతుందో చూపించడానికి బ్రౌన్ జనం ముందు కుక్కలకు షాకిచ్చి చంపాడు. పత్రికలు ఆ పోరును రసవత్తరంగా రాశాయి. రెండు తీగలు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉండాలి, ఆ దూరాన్ని ఎవరు కొలవాలి అన్న ప్రశ్న ఆ హోరులో మునిగిపోయింది. ఆ కుర్రాడిని చంపిన కరెంటు వచ్చింది ఆర్క్ దీపాల నుంచి. డైరెక్ట్ కరెంటైనా, ఆల్టర్నేటింగ్ కరెంటైనా 3,000 వోల్టులు తగిలితే మనిషి మిగలడు. చరిత్ర పుస్తకాలు ఈ తగువుకు కరెంటుల యుద్ధమని పేరు పెట్టి మేధావుల పోటీగా చెబుతాయి. నాకు మాత్రం అది అసలు ప్రశ్నను ఏడాదిన్నర పాటు పక్కన పడేసిన కాలంగానే కనిపిస్తుంది. ఆ ఏడాదిన్నర తరవాత వచ్చినది జాన్ ఫీక్స్ వంతు.

1889 అక్టోబరు 11, శుక్రవారం. ఫీక్స్ వెస్ట్రన్ యూనియన్ టెలిగ్రాఫ్ కంపెనీలో లైన్‌మన్. ఆ మధ్యాహ్నం చాంబర్స్ స్ట్రీట్, సెంటర్ స్ట్రీట్ కలిసే మూల, సిటీ హాల్‌కు కూతవేటు దూరంలో స్తంభం ఎక్కాడు. వాడకంలో లేని పాత టెలిగ్రాఫ్ తీగలను తీసేసే పని. భోజనాల వేళ కావడంతో కింద ఆఫీసుల జనం, కోర్టుల జనం కిటకిటలాడుతున్నారు. తీగల గుబురులో దారి చేసుకుంటూ అతను పైకి పోయాడు.

మన ఊళ్ళలో లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాడు. ఫలానా ఫీడర్ ఆపాం, నువ్వు చెప్పేదాకా మళ్ళీ వేయం అని సబ్‌స్టేషన్‌లో ఉన్నవాడు ఇచ్చే మాట అది. ఆ మాట తప్పి, లేదా ఏ ఇంటి జనరేటర్ నుంచో రిటర్న్ కరెంటు వచ్చి పోయిన లైన్‌మన్ల వార్తలు మనం చదువుతూనే ఉంటాం. అయినా అడగడానికి ఒకచోటంటూ ఉంది. ఫీక్స్ ఎవరి దగ్గర ఎల్‌సీ తీసుకోవాలి? అతని తీగ వెస్ట్రన్ యూనియన్‌ది. అందులో ప్రమాదమేమీ లేదు. ఆ తీగ పోయే దారిలో ఎన్ని కంపెనీల తీగలు దాన్ని దాటుతున్నాయో, ఏ మలుపులో ఏది దాని మీద పడి ఉందో చెప్పగల పుస్తకం ఆ నగరంలో ఎక్కడా లేదు. తన వృత్తి తనకు నేర్పిన నమ్మకంతోనే అతను చేయి చాపాడు. టెలిగ్రాఫ్ తీగ ఏమీ చేయదన్న నమ్మకం అది. అతను పుట్టక ముందు నుంచి ఆ పని చేసినవాళ్ళ అనుభవమంతా అదే చెప్పింది.

అతను పట్టుకున్న తీగ ఎన్నో వీధుల అవతల ఎక్కువ వోల్టుల తీగకు తగిలి ఉంది. కరెంటు తొడుగు లేని కుడిచేతిలోంచి ప్రవేశించి, స్తంభంలోకి దిగిన ఎడమకాలి బూటు ఇనుపముళ్ళ గుండా బయటికి పోయింది. ఆ రెంటికీ మధ్య గుండె ఉంది. ప్రాణం దాదాపు ఆ క్షణమే పోయి ఉంటుంది. కానీ మనిషి నేల మీద పడలేదు. చుట్టూ ఉన్న తీగలు అతన్ని పట్టుకున్నాయి. తాకిన ప్రతిచోటా ఒళ్ళు కాలింది, నిప్పురవ్వలు రాలాయి, పొగ లేచింది. కింద వేలమంది గుమిగూడారు. పైకి వెళ్ళి తెద్దామంటే వెళ్ళినవాడూ పోతాడు. కరెంటు ఆపమందామంటే అది ఏ కంపెనీదో తెలియదు. గంటకు కాస్త తక్కువగా అలాగే సాగింది. ఆఖరికి తోటి లైన్‌మన్లే చుట్టూ ఉన్న తీగలు తెంపి, తాళ్ళు కట్టి అతన్ని కిందికి దించారు.

చెట్టంత మనిషి పనిలోకి వెళ్ళి, పట్టపగలు, నగర పాలకుల కిటికీల ముందు అలా కాలిపోయాడు. అతని భార్య కోసం ఆ స్తంభానికే ఒక డబ్బా కట్టారు. దారిన పోయేవాళ్ళు చిల్లర వేశారు, నోట్లు వేశారు. దాదాపు 2,000 డాలర్లు పోగైంది. ఆ చోటు ఎలాంటిదో చూసినవాళ్ళు జేబులో ఉన్నది వేయకుండా పోలేకపోయారని నేను అనుకుంటాను.

ఆ తరవాత జనానికి భయం పట్టుకుంది. అప్పటిదాకా తలమీది తీగలను కళ్ళతో చూసినా మనసుతో చూడనివాళ్ళు ఇప్పుడు వాటి కింద నడవడానికి జంకారు. కరెంటు కంపెనీల యజమానుల మీద హత్యానేరం మోపాలని పత్రికలు రాశాయి. వెస్టింగ్‌హౌస్ కొన్న కంపెనీలే చాలా కనుక వేలు ఆయన వైపే చూపించాయి. యునైటెడ్ స్టేట్స్ ఇల్యూమినేటింగ్ కంపెనీ తీగలు ఆ దగ్గరలోనే ఉన్నాయి. కానీ ఫీక్స్‌ను చంపిన కరెంటు ఏ కంపెనీదో ఆ రోజూ తేలలేదు, ఆ తరవాతా తేలలేదు. ఇద్దరి తీగలు తగిలి మూడోవాడు పోతే నేరం ఎవరి ఇంటికీ చేరకుండా ఆ మధ్య ఖాళీలోనే ఆగిపోతుంది.

నవంబరులో ఎడిసన్ నార్త్ అమెరికన్ రివ్యూలో ఒక వ్యాసం రాశాడు. ఎక్కువ వోల్టుల తీగలను భూమిలో పాతినా లాభం లేదనీ, చావు వీధి నుంచి మ్యాన్‌హోళ్ళలోకీ ఇళ్ళలోకీ మారుతుందంతేననీ, వోల్టులు తగ్గించడమొక్కటే మార్గమనీ వాదించాడు. తన సరుకు అమ్ముకోవడానికి పనికొచ్చే వాదమది. అయినా అందులో నిజం బొత్తిగా లేకపోలేదు. నేల కింద కూడా రెండు రకాల కేబుళ్ళ మధ్య ఎడం కావాలి. పాతేసినంత మాత్రాన ఎడం దానంతటదే పుట్టదు. ఇంత స్పష్టంగా చూడగలిగిన మనిషి స్తంభం మీది ఎడం గురించి అంతే గట్టిగా మాట్లాడి ఉంటే ఎంత బాగుండేది!

మేయర్ హ్యూ గ్రాంట్ చెడిపోయిన తీగలను వెంటనే తొలగించమన్నాడు. కంపెనీలు కోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకున్నాయి. తీగలు తమ ఆస్తి అన్నాయి. అక్టోబరు పోయింది, నవంబరు పోయింది. ఫీక్స్ ఎక్కినటువంటి స్తంభాలు ఎక్కుతూ వందలమంది లైన్‌మన్లు ఆ రెండు నెలలూ పనిచేశారు. డిసెంబరు 13న పై కోర్టు స్టే ఎత్తేసింది. మర్నాడు పొద్దున్నే నగర పనివాళ్ళు గొడ్డళ్ళతో, కత్తెరలతో వీధుల్లోకి దిగారు.

తొమ్మిదేళ్ళు తిరుగులేకుండా ఏలిన తీగల రాజ్యం ఆ చలికాలంలో కూలింది. ముందు తీగలు తెంపి నేల మీదికి వదిలారు, తరవాత స్తంభాల మొదళ్ళు నరికారు. ఎత్తైన మాను కూలేటప్పుడు జనం పక్కకు తప్పుకుని, పడ్డాక దగ్గరికి వచ్చి చూశారు. తీగలతో పాటు దీపాలూ పోయాయి. బ్రాడ్‌వే మీద 1880లో మొదలైన ఆ తెల్లటి వెలుగు చాలా వీధుల్లో ఆరిపోయి, క్రిస్మస్ పూట చీకట్లు కమ్మాయి. పాత గ్యాస్ దీపాలే మళ్ళీ దిక్కయ్యాయి. వెలుగు తప్పు చేయలేదు. దాన్ని మోసిన తీగలను, వాటి పక్క తీగలను చూసుకోని మనుషుల తప్పుకు వెలుగు కూడా శిక్ష అనుభవించింది. నేల కింద గొట్టాలు పూర్తయ్యేకొద్దీ దీపాలు ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి. మన్‌హట్టన్ నెత్తి మీద మళ్ళీ అలాంటి అడవి మొలవలేదు.

కానీ లోకంలో ఊళ్ళన్నింటికీ తీగలు పాతేంత డబ్బు లేదు. చాలాచోట్ల ఒకే స్తంభం మీద రెండు రకాలూ బతకాలి. అలా బతకడానికి నియమాలు ఫీక్స్ పోయిన పాతికేళ్ళ నాటికి గానీ అమెరికాలో ఒక దేశవ్యాప్త పుస్తకంగా రాలేదు. జాతీయ ప్రమాణాల సంస్థ 1913లో మొదలుపెట్టిన నేషనల్ ఎలక్ట్రికల్ సేఫ్టీ కోడ్ అది. అందులో ఇప్పుడు లైన్‌మన్లకు నోటికొచ్చిన ఒక అంకె ఉంది: 40 అంగుళాలు. స్తంభం మీద కరెంటు పైన, టెలిఫోన్, కేబుల్, ఫైబర్ కింద. మామూలు పంపిణీ లైన్లలో ఈ రెంటి మధ్య కనీసం 40 అంగుళాలు, అంటే మీటరు పైచిలుకు, ఖాళీ ఉండాలి. అక్కడ మామూలుగా ఎవరూ ఏదీ కట్టకూడదు. కమ్యూనికేషన్ పనివాడు చేయి ఎత్తినా, పనిముట్టు జారినా, ఒళ్ళు విరుచుకున్నా పై కరెంటుకు తగలకుండా ఉండేందుకు వదిలిన చోటది.

రెండు స్తంభాల నడుమ ఆ దూరం అంతే ఉండదు. ఎండకీ, లోడుకీ వేడెక్కిన కరెంటు తీగ సాగి కిందికి దిగుతుంది. కింది కేబుల్ తేలికైనదైతే బిగుతుగా నిలబడి ఉంటుంది. అందుకే స్తంభం దగ్గర సరిపోయిన ఎడం నడుమ భాగంలో చాలకపోవచ్చు. అక్కడ 30 అంగుళాలకు తగ్గకూడదన్నది నియమం. ఏప్రిల్ పొద్దున కొలిచినవాడు మే మధ్యాహ్నం ఎంతవుతుందో లెక్క కట్టి కొలవాలి. పాత కేబుల్ మీదే కొత్త కేబుల్ కట్టుకుంటూ పోతే బరువుకు స్తంభమే ఒరుగుతుంది, లెక్కలన్నీ తప్పుతాయి.

మన హైదరాబాదు వీధుల్లో కరెంటు స్తంభాలకు నల్లటి కేబుల్ చుట్టలు ఎలా వేలాడతాయో తెలియనివాళ్ళు లేరు. 2025 ఆగస్టు 17 రాత్రి రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు ముగుస్తున్న వేళ, రథాన్ని లాగే బండి ఆగిపోతే కుర్రాళ్ళే చేతులతో నెట్టుకుంటూ వచ్చారు. రథానికి కరెంటు పాకి ఐదుగురు పోయారు. వేలాడుతున్న కేబుల్ తీగ 11 కేవీ లైనుకు తగిలి ఆ కరెంటు రథానికి చేరిందని విద్యుత్ అధికారులు చెప్పారు. రథం పట్టుకున్నవాళ్ళకు ఆ కేబుల్ ఎవరిదో తెలియదు, ఆ 11 కేవీ ఎటు పోతుందో తెలియదు. వాళ్ళు పట్టుకున్నది దేవుడి బండి. ఆ తరవాత ప్రభుత్వం కేబుళ్ళు తీసేయమంది, చాలా పేటల్లో ఇంటర్నెట్ ఆగింది, తగువు హైకోర్టుకు చేరింది. న్యూయార్క్‌లో అంతకు 136 ఏళ్ళ ముందు జరిగినది చదివాక ఈ వరుస చూస్తే గుండె తరుక్కుపోతుంది. ముందు చావు, తరవాత కత్తెర, ఆ తరవాత కోర్టు. కొలత మాత్రం ఎక్కడా కనబడదు.

ప్రతి స్తంభానికీ ఒక బాధ్యుడి పేరు ఉండాలని నేను అడుగుతాను. ఏ కేబుల్ ఎవరిదో దాని మీదే రాసి ఉండాలి. కరెంటు లైనుకూ దానికీ మధ్య ఎంత ఉందో ఏటా ఎండాకాలం మధ్యాహ్నం కొలిచి పుస్తకంలో ఎక్కించాలి. తెగి పనికిరాకుండా పోయిన కేబుల్‌ను కట్టినవాడే వారంలోగా దించాలి. ఆ పని చేయడానికి నిచ్చెన ఎక్కే కేబుల్ కుర్రాళ్ళకు ఎల్‌సీ ఇవ్వాలి, గ్లోవ్స్ ఇవ్వాలి, 11 కేవీని తట్టుకునే టెస్టర్ ఇవ్వాలి. తమ్ముడూ, అవి ఇవ్వనివాడు ఎక్కమంటే ఎక్కకు. ఎక్కాల్సివస్తే, అది ఒట్టి టీవీ కేబులే అని పక్కవాడు ఎంత చెప్పినా, ముందు ఆ టెస్టర్ పెట్టు. ఆ కేబుల్ నాలుగు వీధుల అవతల దేని మీద పడి ఉందో అతనికీ తెలియదు.